ఓదెలు అనుమతి

ఓదెలు చనిపోయి నాలుగు నెలలైంది. అయినా రోజూ ఉదయం పదింటికి తోటి ఏజెంట్ ఇశ్రాయేలుకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు.

"ఏంరా, తిన్నవా?" అంటుంది ఆ గొంతు. ఇశ్రాయేలు కట్ చేస్తాడు. కట్ చేసే ముందు ఒక్క క్షణం వింటాడు. ఆ సంగతి చీఫ్ ఆనందరావుకు చెప్పలేదు. సిగ్గేసింది.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పట్లాగే మూడు ముక్కల్లో ముగిసింది. విదేశీ ముఠా ఒకటి పాతబస్తీలోకి ఒక ఏఐ యంత్రాన్ని దింపింది. కోడ్‌నేమ్ 'మారీచ'. పేరుకు తగ్గట్టే ఎవరి గొంతైనా అచ్చు దింపుతుంది. పదింటి ఫోన్ ఎక్కడి నుంచి వస్తోందో ఇశ్రాయేలుకు అప్పుడర్థమైంది. ఇవాళ మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి నీళ్ల ప్లాంటు ఆపరేటర్‌కు అతని ఇంజనీర్ గొంతుతో ఫోన్ చేసి, క్లోరిన్ పదింతలు వదలమంటుంది. ఏ ప్లాంటో తెలియదు. అన్నింటికీ హెచ్చరిక పంపారు. వెనకాలే చీఫ్ గొంతుతో ఇంకో ఫోన్ వెళ్లింది, అదంతా ఉత్త డ్రిల్ అని.

"ఆపడానికి ఆర్డర్ ఉందా సార్?"

"లేదు. మనిషిని పట్టుకోవడానికి చట్టముంది. యంత్రాన్ని ఆపాలంటే యజమానిని తేల్చి, నోటీసిచ్చి, అప్పుడు ఆర్డర్ తెచ్చుకోవాలి. కొత్త బిల్లులో ఏడో క్లాజ్ ఉండేది, డ్యూటీ ఆఫీసర్ ముందే ఆపేసి, ఆర్డర్ తర్వాత తెచ్చుకోవచ్చని. తనూజ కొట్టేసింది."

తనూజ బిల్లు రాసే కమిటీకి లీగల్ అడ్వైజర్. ఆమె తమ మనిషేనని ముఠా నమ్మకం. కాదు, తన మనిషేనని చీఫ్ నమ్మకం; యంత్రం ధూల్‌పేట్‌లో ఉందని కబురు పంపింది ఆమే.

నాలుగు నెలల కిందట ఓదెలు ఇలాంటి యంత్రం ప్లగ్ మీదే చేయి వేసి, అనుమతి కోసం ఫోన్ చేశాడు. చీఫ్ గొంతు ఆగమంది. పదకొండు నిమిషాలు ఆగాడు. ఆ గొంతు చీఫ్‌ది కాదు. పన్నెండో నిమిషానికి ముఠావాళ్లు వచ్చారు.

పదకొండూ నలభైకి ఇశ్రాయేలు గణేశ్ మండపం సెక్రటరీ వేషంలో ధూల్‌పేట్‌లో విగ్రహాలు చేసే షెడ్డుకు వెళ్లాడు. షెడ్డులో నలభై వినాయక విగ్రహాలు. వాటి మధ్య పట్టుచీర, నల్లకళ్లద్దాలతో తనూజ.

"ఎలుక కుడివైపా, ఎడమవైపా?" అన్నాడు.

"లడ్డూ ఎటుంటే అటు."

కోడ్ సరిపోయింది. యంత్రం ఒక విగ్రహం కడుపులో ఉందనీ, ఏ విగ్రహమో తనకూ చెప్పలేదనీ ఆమె చెప్పింది. క్లాజ్ ఎందుకు కొట్టేశావని అడిగాడు.

"ముఠా కోసం కాదు. ఆపే అధికారం ఒక్కడి చేతికిస్తే రేపు వాడు పేపర్‌నీ ఆపుతాడు, నా ఫోన్‌నీ ఆపుతాడు. వాణ్ని ఎవరు అడుగుతారు?"

ఇశ్రాయేలు చెవిమిషన్‌లా కనిపించే హీట్ డిటెక్టర్ పెట్టుకున్నాడు. వానాకాలం కాబట్టి విగ్రహాలు ఆరడానికి చుట్టూ పెద్ద లైట్లు పెట్టారు. నలభై విగ్రహాలూ కాలిపోతున్నాయని చెప్పింది డిటెక్టర్. ఢిల్లీ నుంచి తెప్పించిన సరుకు మరి.

రంగులు కలుపుతున్న ముసలి కాశమ్మ అంతా చూస్తూనే ఉంది. ఆ షెడ్డులో విగ్రహాలకు కళ్లు పెట్టే చేయి ఆమెదే.

"గీ మూలకున్నది నా చెయ్యి గాదు బిడ్డా," అంది. "బండి వచ్చినంక, ఎక్కిచ్చే ముందు కండ్లు పెడ్త నేను. దీనికి ఎవడో ముందే పెట్టిండు."

ముప్పై తొమ్మిది విగ్రహాల ముఖాలు తెల్లగా, చూపు లేకుండా ఉన్నాయి. మూలనున్నది ఒక్కటే ఇశ్రాయేలును చూస్తోంది. అతను పక్కకు జరిగాడు. నల్లగుడ్డు అతనితోపాటు కదిలింది.

పదకొండూ యాభై ఎనిమిది. కాశమ్మ సుత్తి అందించింది. అతను వెనక్కి తగ్గాడు. దేవుడి విగ్రహం, పైగా తను చర్చికి వెళ్లే మనిషి.

"నేను కండ్లు పెట్టంది దేవుడెట్లయితడు? ఉత్త మట్టి. కొట్టు."

ఫోన్ మోగింది. స్పీకర్ దానంతటదే ఆన్ అయింది.

"ఇశ్రాయేలూ, ఆర్డర్ ఉందారా? లేకుంటే కొట్టకు. నౌకరీ పోతది. నేను ఆగిన గద, నువ్వు గూడ ఆగు."

అదే బొంగురు, అదే దగ్గు. కొడితే ఈ గొంతు ఇక ఎప్పటికీ వినపడదు. ఇశ్రాయేలుకు ఏడుపొచ్చింది. పది సెకన్లు అలాగే విన్నాడు.

"ఆగినందుకే పోయినవు గదరా," అని సుత్తి ఎత్తాడు.

మూడో దెబ్బకు గొంతు తెగింది. టైమ్ పదకొండూ యాభై తొమ్మిది. ఏ ప్లాంటుకూ ఫోన్ వెళ్లలేదు.

వారం తిరక్కుండా తనూజ ఏడో క్లాజ్‌ను మళ్లీ బిల్లులో పెట్టింది, ఒక తోక తగిలించి: ఆపినవాడు ఇరవై నాలుగు గంటల్లో జడ్జి ముందు నిలబడి కారణం చెప్పాలి. బిల్లు పాసయ్యేదాకా మాత్రం పాత రూల్సే.

పాత రూల్స్ ప్రకారం ఇశ్రాయేలుకు మెమో వచ్చింది, వెంట ఒక ఫారం. ఉదయం పదింటికి, మోగని ఫోన్ పక్కన పెట్టుకుని దాన్ని నింపాడు. 'ఎవరి అనుమతితో ధ్వంసం చేశారు?' అన్నచోట 'ఓదెలు' అని రాశాడు.

ఆ అనుమతి రాతపూర్వకంగా తెమ్మని ఆఫీసు కాగితం తిప్పి పంపింది.