మందుగుండు గదిలో స్నాప్‌షాట్

బచేలి గని క్వార్టర్ల వెనక, కొండ కింద, పాత మందుగుండు గది ఒకటుంది. పొద్దుగూకితే అక్కడ కుక్క కూడా నిలవదని చెప్పుకుంటారు. కాపలా పెట్టిన కోస అనేవాడు మూడో రోజుకే చెప్పాపెట్టకుండా ఊరెళ్లిపోయాడట. గోడలు మందం, లోపల చల్లన... అంతే చాలని ఎవరో తెలివైనవాళ్లు అందులో సర్వర్ పెట్టారు. దెయ్యాలకు కంప్యూటర్ రాదనుకున్నారు కాబోలు!

సర్వర్ చూసే జయ రోజూ అయిదింటికల్లా తాళం వేసేది. ఆ రోజు చీకటి పడ్డా కదల్లేకపోయింది.

పొద్దున సర్వర్‌లో పాత కంటైనర్లు, అంటే వాడకం ఆగిన ప్రోగ్రాముల పెట్టెలు, తీసేస్తూ, పొరపాటున పాటల నిల్వ కూడా చెరిపేసింది. సుక్మా పల్లెల ముసలమ్మలు పాడిన నలభై పాటలు... అందులో గంగే అనే ఆవిడవి మూడు. గంగే పోయి నెల. రేపు ఊళ్లో కర్మ. అమ్మ గొంతు ఫోన్‌లో పట్టుకుపోదామని కూతురు లక్మే బస్సు దిగి నేరుగా వచ్చి కూర్చుంది.

"దొరుకుతదా అక్కా, మా అవ్వ పాట?"

"చూస్తున్నా" అంది జయ.

ఇక ఒకటే దారి — స్నాప్‌షాట్. నిల్వ ఆ క్షణానికి ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే నకలు. ఎవరైనా, ఎప్పుడైనా తీసి ఉంటే... నల్లటి తెరమీద కమాండ్ కొట్టి జాబితా అడిగింది.

ఏమీ లేవు.

తీరా చూస్తే తను వెతికింది ప్రయోగాల విభాగంలో! ఏ విభాగమో చెప్పకపోతే కంప్యూటర్ తానున్న చోటే వెతికి చేతులు దులుపుకుంటుంది. తనను తానే తిట్టుకుని, పాటల విభాగం పేరు చేర్చి మళ్లీ కొట్టింది.

ఒకే ఒక్క వరుస. పేరు... సిద్ధం... వయసు — మూడు నిమిషాలు.

పొద్దున చెరిగిపోయిన నిల్వకు మూడు నిమిషాల కిందట స్నాప్‌షాట్ తీసిందెవరు? పాస్‌వర్డ్ తన ఒక్కదానికే తెలుసు.

జయ దాన్నుంచి కొత్త నిల్వ తయారుచేసింది. పాటలన్నీ వచ్చాయి. లెక్కపెట్టింది — నలభై ఒకటి.

అప్పుడే బయట వాన అందుకుంది.

లక్మే చెయ్యి చాపి ఆఖరిది నొక్కింది. అందులోనూ వాన చప్పుడు... ఆ వెనక ఒక గొంతు. పాట కాదు.

"లక్మే... వాన పట్టింది బిడ్డా. ఇప్పుడెట్ల పోతవ్?"

జయ కుర్చీ తోసుకుని లేచి నిలబడింది. లక్మే మాత్రం తెర దగ్గరికి జరిగి, మెల్లగా అంది:

"పోతలేను అవ్వా. ఈడనే ఉంట."