తెర కింద మాటలు

స్నానాల గదిలో కుళాయి చప్పుడు ఆగితే ఆవిడకు భయం. ఆగకపోయినా భయమే. ఆ ఉదయం కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టి, చెవులు అటువైపే పెట్టుకుని కూర్చుంది.

"ఏమండీ, అమ్మాయి లోపలికి వెళ్ళి చాలాసేపయింది. ఒక్కసారి పిలవండి."

బస్సు డ్రైవరుగా పనిచేసే భర్త డ్యూటీకి బయలుదేరుతూ బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. "నీళ్ళు పోసుకుంటోంది. మనిషన్నాక పోసుకుంటుంది."

"చప్పుడు ఆగిపోయింది."

"అయితే తుడుచుకుంటోంది. నువ్వు నా బస్సులో ఉంటే బ్రేకు వేసిన ప్రతిసారీ దిగిపోయేదానివి."

తలుపు తెరుచుకుంది. కూతురు తల దువ్వుకుని, అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని, "వెళ్తున్నా" అంది. ఊరంతటి మౌనానికి అదొక్కటే మాట. చిన్నప్పుడు ఒక్క నిమిషం నోరు మూసుకునేది కాదని తండ్రి దానికి పిచ్చుక అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆయన కూడా ఆ పేరుతో పిలవడం మానేశాడు.

రెండు నెలల కిందట అత్తారింటి నుంచి ఒక చిన్న పెట్టెతో వచ్చింది. "కొన్నాళ్ళు ఉంటానమ్మా" అంది. ఎన్నాళ్ళో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు. తల్లి అన్నీ అడిగింది. కొట్టాడా అంటే లేదంది. తాగుతాడా అంటే లేదంది. ఇంకెవరైనా ఉన్నారా అంటే, లేరంది. ఏమీ లేకపోతే ఎందుకు వచ్చినట్టు? కూతురు ఏమీ లేదన్నప్పుడల్లా ఆవిడకు లేనిపోనివన్నీ కళ్ళ ముందు ఆడేవి. పైగా అల్లుడు సరదా మనిషి. అతను వస్తే ఇల్లంతా నవ్వులే. అలాంటివాడిని వదిలి వచ్చిందంటే తప్పు దీనిలోనే ఏదో ఉందేమోనని లోలోపల ఒక పురుగు తొలిచేది. వెంటనే తనను తానే తిట్టుకునేది.

కూతురు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, అక్షరాల బోర్డు చూపించి, ఏ అద్దం సరిపోతుందో చూస్తుంది. అక్కడ రోజంతా మాట్లాడేది. ఇంటికి వస్తే మాత్రం గది, గదికి తలుపు.

ఆ తలుపు తెరిపించింది ఒక కొరియా సీరియల్. పై అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, "మనసు తేలికవుతుంది, అమ్మాయికి చూపించు" అని చెప్పింది. నవ్వులు, ప్రేమ, అంతా చల్లగా ఉంటుందట. మాటలు వాళ్ళ భాషలో, అర్థం మాత్రం తెర కింద మన అక్షరాల్లో. తల్లి చదువు ఏడో తరగతితో ఆగింది. మొదటి మాట కూడబలుక్కునేలోపు అక్షరాలు మాయమై కొత్తవి వచ్చేవి.

"ఇవి నాకు అందడం లేదే. కాస్త చదివి పెట్టవూ?" అంది మొదటి రోజు, గుమ్మం దగ్గర నిలబడి.

కూతురు వచ్చి సోఫా చివర కూర్చుంది. చదివింది. మొదట ధరల పట్టీ చదివినట్టు చదివింది. రెండో ఎపిసోడ్‌కి గొంతులు మార్చడం మొదలుపెట్టింది. కథానాయిక టీవీలో వాతావరణ వార్తలు చెప్పే అమ్మాయి. ఆమె ఎండ అంటే వాన, వాన అంటే ఎండ. అదే ఆఫీసులో ఉండే అబ్బాయి, ఆమె ఎండ అన్న రోజున రెండు గొడుగులతో వచ్చి ఒకటి ఆమె చేతిలో పెడతాడు. కొరియా పేర్లు నోరు తిరగక తల్లి ఆమెను వాన పిల్ల అనీ, అతన్ని గొడుగు అబ్బాయి అనీ పిలుచుకుంది. రెండు నెలల తర్వాత కూతురి నోట అన్ని మాటలు వినడం. కొరియా మాటలైతేనేం, గొంతు తన పిల్లదే.

అయితే ఆ సీరియల్ మొదట్లో ఉన్నంత ముద్దుగా ఆఖరుదాకా లేదు. నాలుగో ఎపిసోడ్ దాటాక గొడుగులు పోయాయి, వెక్కిరింపులు మిగిలాయి. గొడుగు అబ్బాయి అందరి ముందూ వాన పిల్ల ముక్కును వెక్కిరించాడు, మాటను వెక్కిరించాడు, ఒకసారి కెమెరా ముందే ఆమె చెప్పినట్టు చెప్పి చూపించాడు. ఆఫీసంతా పడీ పడీ నవ్వింది. తల్లికీ నవ్వు వచ్చింది. ఆ రోజు కూతురు మిగిలిన భాగం మళ్ళీ ధరల పట్టీలాగే చదివి, లేచి వెళ్ళిపోయింది. తలనొప్పేమో అనుకుంది తల్లి. తర్వాత మెదడులో గడ్డేమో అని కూడా అనుకుంది.

ఆ పైన కథకు తలా తోకా లేకుండా పోయింది. గొడుగు అబ్బాయికి ప్రమాదం జరిగి జ్ఞాపకం పోయింది. పాత ప్రియురాలు దిగింది. ఎవరో ఎవరికో అన్న అని తేలింది.

"అదృష్టవంతుడు, వాడికి జ్ఞాపకం పోయింది," అన్నాడు తండ్రి ఒక సాయంత్రం. "మనమే అన్నీ గుర్తు పెట్టుకుని చావాలి."

"ఇది రాసినవాడికి మధ్యలో ఇంట్లో ఏదో గొడవ అయి ఉంటుంది," అంది తల్లి.

కూతురు పెదవి చివర కొద్దిగా కదిలింది. ఆ కదలిక కోసం ఆవిడ ఇలాంటి సీరియళ్ళు ఇంకో పది చూడగలదు. నిజానికి కూతురు చేయించిన కొత్త అద్దాలతో చూడగా చూడగా ఆవిడకు అక్షరాలు అందడం మొదలై చాలా రోజులైంది. ఆ సంగతి బయట పెట్టలేదు. చదవగలనంటే ఆ గొంతు కూడా మూగబోతుందని భయం.

ఇంకో భయం ఆఖరి ఎపిసోడ్. అది అయిపోతే? కూతురు మళ్ళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఆ ఆలోచనతో ఆవిడకు అన్నం సయించలేదు. చివరికి ఎవరికీ చెప్పకుండా అల్లుడికి ఫోన్ చేసింది.

"ఆదివారం సాయంత్రం ఒకసారి వచ్చి మాట్లాడండి బాబూ. మీ ఇద్దరి మధ్య ఏమైందో మాకు తెలియదు. కూర్చుంటే సర్దుకుంటుంది."

"దానికేం అత్తయ్యా, వస్తాను. మీ సరుకుకి వారంటీ ఇంకా ఉందిగా, రిపేరు చేయించి తీసుకెళ్తాను," అన్నాడతను.

ఆవిడ అలవాటుగా నవ్వింది. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ముల్లులా ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకో తెలియలేదు.

ఆదివారం సాయంత్రం ఆఖరి ఎపిసోడ్‌కి ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. తల్లికి ఒక కన్ను తెర మీద, ఇంకొకటి తలుపు మీద. వాన పిల్ల రైలెక్కి వేరే ఊరు వెళ్ళిపోబోతోంది. స్టేషన్ బయట వాన. గొడుగు అబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చి, నీ ముక్కు లేకపోతే ఎవరిని చూసి నవ్వను అన్నాడు. అదే అతని క్షమాపణ. వాన పిల్ల కళ్ళనీళ్ళతో నవ్వుతూ ఏదో అంది. కింద అక్షరాలు వచ్చాయి: నువ్వు ఏడిపించకపోతే నాకు రోజు గడవదు.

కూతురు వెంటనే చదవలేదు. కాసేపటికి అంది: "నువ్వు ఏడిపించిన ప్రతిసారీ నేను ఇంకాస్త చిన్నదాన్ని అయిపోయాను."

తల్లి తెర వంక చూసింది. అక్షరాలు మారాయి: పద, ఇంటికి వెళ్దాం.

"నేను నడిస్తే బాతులా ఉంటానన్నావు," చదువుతున్నట్టే అంది కూతురు. "నీ స్నేహితులంతా నవ్వారు. అప్పటి నుంచి నలుగురిలో ఉంటే లేచి మంచినీళ్ళు తెచ్చుకోవడం కూడా మానేశాను."

తెర మీద ఇద్దరూ వానలో కౌగిలించుకున్నారు. పాట మొదలైంది. కింద ఒక్క అక్షరం కూడా లేదు.

"మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా అన్నావు. మా అమ్మ కూడా నవ్వింది."

వాన పిల్లకు తల్లి లేదు. ఆ సంగతి మొదటి ఎపిసోడ్‌లోనే చెప్పారు.

తల్లి చేత్తో తడిమి రిమోట్ అందుకుని నొక్కింది. వాన తెర మీద గీతలు గీతలుగా నిలిచిపోయింది.

"అది అక్కడ లేదే," అంది నెమ్మదిగా.

"లేదు."

"నాకు చదవడం వచ్చేసిందే. చాలా రోజులైంది. నీకు చెప్పలేదు."

"తెలుసమ్మా. ఆ అద్దాలు నేను చూసి చేయించినవే. పైగా నేను చదవకముందే నవ్వేస్తావు నువ్వు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చదివావు?"

"చదవడం మానేస్తే నీతో ఏం మాట్లాడాలో తెలియక."

తల్లికి ఆ క్షణంలో ఆ భోజనం గుర్తుకొచ్చింది. అల్లుడు బాతు నడక నడిచి చూపించడం, తాను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం, కూతురు కూర గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలోనే ఆగిపోవడం. అప్పుడు ఆ గిన్నె ఎందుకు ఆగిందో ఆలోచించనైనా లేదు. దేశంలో ఉన్న ప్రమాదాలన్నీ ఊహించుకునే మనిషి, కళ్ళ ముందున్నది చూడలేదు.

"మరి నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? దెబ్బయితే చూపించేదాన్ని. జోకు వేశాడని పుట్టింటికి వచ్చానంటే నువ్వేమనేదానివి? నీకు సరదా తెలియదనేదానివి. ఆయన ఎప్పుడూ అనేది అదే."

తండ్రి నేల చూపులు చూస్తున్నాడు. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే.

"తల్లీ," అంది ఆవిడ. "ఇంకో తప్పు చేశాను. అతన్ని రమ్మన్నాను. ఇవాళే."

కూతురు లేచి నిలబడింది. "నన్ను అడగకుండానా? నేను బరువయ్యానని ఒక్క మాట చెప్తే ఎక్కడైనా గది చూసుకునేదాన్నిగా."

"బరువు కాదే. ఇది అయిపోతే నువ్వు మళ్ళీ తలుపు వేసుకుంటావని భయపడ్డాను. నాకు భయం వేస్తే ఏం చేస్తానో నాకే తెలియదు."

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. తండ్రి వెళ్ళి తలుపు తీశాడు.

అల్లుడు పండ్ల సంచితో లోపలికి వచ్చాడు. ముగ్గురి మొహాలూ, ఆగిపోయిన టీవీ చూశాడు. "ఏంటి మావయ్యా, కరెంటు టీవీకేనా, మొహాలకు కూడా పోయిందా?" కూతురి వైపు తిరిగాడు. "మా బాతు ఇక్కడే ఉందన్నమాట. చెరువు మార్చిందే గానీ నడక మార్చలేదు."

మాట అయ్యాక అతను అలవాటుగా కాస్త ఆగాడు. ఆ ఖాళీలో ఎప్పుడూ నవ్వు వచ్చేది. ఇవాళ రాలేదు. వంటింట్లో కుళాయి బొట్టు బొట్టుగా పడడం వినిపించింది.

"కూర్చోండి బాబూ," అంది తల్లి. "నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. ఇప్పుడన్నదాంట్లో నవ్వు ఎక్కడుందో కాస్త విడమరిచి చెప్పండి."

"అదేంటత్తయ్యా. ఊరికే, సరదాకి."

"సరదా ఎవరికి?"

అతను మామ వైపు చూశాడు. ఎప్పుడూ తన జట్టులో ఉండే మనిషి.

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు," అన్నాడు తండ్రి. "నేనూ పిల్లి పక్కనే కూర్చుని నవ్వాను బాబూ. నాదీ తప్పే."

అల్లుడి చేతిలో పండ్ల సంచి ఇంకా అలాగే ఉంది. భార్య వైపు తిరిగాడు. "నీకు అంత బాధ అనిపించేదా?"

"చెప్పాను. చెప్పిన ప్రతిసారీ దాన్ని కూడా జోకు చేశావు."

ఏదో అనబోయాడు. అనబోయింది జోకేనని అతనికే తెలిసినట్టుంది, మింగేశాడు. జోకు లేని అతని మొహం వాళ్ళెప్పుడూ చూడలేదు. చిన్న పిల్లాడి మొహంలా ఉంది.

"మా ఇంట్లో అందరం అలాగే మాట్లాడుకుంటాం," అన్నాడు నెమ్మదిగా. "నాకు ఇంకోలా రాదు."

తల్లికి అతని మీద జాలి వేసింది. టీ పెట్టి తెచ్చి ఇచ్చింది. అతను తల వంచుకుని తాగాడు. వెళ్ళేముందు గుమ్మం దగ్గర, "ఫోన్ చేయనా?" అని అడిగాడు.

"జోకు లేకుండా మాట్లాడగలిగిన రోజు చెయ్యి," అంది కూతురు. "అప్పుడు ఆలోచిస్తాను. ఇప్పుడైతే రాను."

అతను తలూపాడు. మెట్లు దిగుతున్న చప్పుడు కిందిదాకా వినిపించింది.

తల్లి వచ్చి సోఫాలో కూలబడింది. "నాకు భయంగా ఉందే. రేపు ఏమవుతుందో, నలుగురూ ఏమంటారో, అతను ఫోన్ చేయకపోతే ఎలా, చేస్తే ఎలా."

"నీకు ఎప్పుడు భయం లేదమ్మా?"

"ఆ రోజు నవ్వినప్పుడు లేదు. ఉండాల్సింది అప్పుడే." ఆవిడ కళ్ళు కొంగుతో తుడుచుకుంది. "నన్ను నాలుగు తిట్టవే."

కూతురు తిట్టలేదు. సోఫా చివరి నుంచి జరిగి, తల్లి భుజానికి తల ఆనించింది. తెర మీద వాన ఇంకా ఆగే ఉంది.

"ఆ ఇద్దరినీ ఎంతసేపు తడుపుతారు?" అన్నాడు తండ్రి. "పిచ్చుకా, దాన్ని నడిపించు."

ఆ పేరు విని కూతురు తలెత్తి తండ్రిని చూసింది. తల్లి అద్దాలు తుడిచి పెట్టుకుని, "ఇవాళ నేను చదువుతాను" అంటూ రిమోట్ నొక్కింది. గొడుగు అబ్బాయి వాన పిల్ల చెవిలో ఏదో అన్నాడు. కింద వచ్చింది: ఎప్పటికీ నీతోనే.

"వా-న-పి-ల్ల అంటోంది," కూడబలుక్కుంటున్నట్టు చదివింది తల్లి. "రైలు ఆలస్యమైనా పర్వాలేదు, నేను వెళ్తాను. ముందు ఇంటికెళ్ళి మా అమ్మను నాలుగు తిట్టి, కడుపునిండా తిని, అప్పుడు వెళ్తాను."

"అమ్మా, ఆమెకు అమ్మ లేదు. అక్కడ అలా లేదు."

"నాకు అలాగే కనిపిస్తోంది. అనుమానం ఉంటే రేపు షాపుకు వస్తాను, నా కళ్ళు చూడు."

ఆవిడ ఈసారి ముందుగా నవ్వలేదు. పెదవులు బిగబట్టి, కూతురు నవ్వేదాకా ఆగింది.