ఆపరేషన్ రంగవల్లి

స్విచ్ వేయగానే తెర మీద మెరిసిన హెచ్చరిక చదివి రెడ్యా నాయక్ బిగుసుకుపోయాడు: చనిపోయిన తన చెల్లెలి కంప్యూటర్‌ని, ఆమె చనిపోయిన తర్వాత ఎవరో వాడారు.

విండోస్‌ని పద్ధతి ప్రకారం మూయకుండా కరెంటు తీసేశారనీ, అందుకని డిస్కును పరీక్షిస్తున్నాననీ ఆ యంత్రం చెబుతోంది. నీలం తెర మీద పసుపు పట్టీ మెల్లగా పాకుతోంది. చెల్లెలు చాంది అలా చచ్చినా చేయదు. ఒకసారి ఏన్కూరు పక్క తండాలో, ఇంటికి తెచ్చుకున్న కంప్యూటర్‌ని అతను సరాసరి స్విచ్ తీసి ఆపేస్తే అన్న అని కూడా చూడకుండా చేతి మీద ఒక్కటిచ్చింది. "ఇది రేడియో కాదు భియా. పోయొస్తనని చెప్పి మూయాలె."

విండోస్ తెరుచుకున్నాక ఫైళ్ళు చూశాడు. చాంది మధ్యాహ్నం లారీ కింద పడి చనిపోయింది. ఆమె ప్రోగ్రాంని అదే రోజు సాయంత్రం ఎవరో తెరిచారు.

సారపాక దాటాక యూకలిప్టస్ తోటల వెనక ఉన్న పాత ఫారెస్ట్ బంగళా అది. గేటు మీద 'వెదురు పరిశోధన కేంద్రం' అని బోర్డు. లోపల వెదురు ముక్క కూడా లేదు. ఏసీ గదిలో కంప్యూటర్లున్నాయి, వాటిలో రంగవల్లి ఉంది.

స్టాంపు పేపర్ల మీద, ప్రభుత్వ బాండ్ల మీద మెలికల ముగ్గులా అల్లుకుపోయే సన్నటి గీతలుంటాయి. వాటిని గీసే డిజైన్ సాఫ్ట్‌వేర్ రంగవల్లి. అది దొంగల చేతికి చిక్కితే అసలు స్టాంపు పేపర్‌కీ నకిలీకీ తేడా దేవుడికి కూడా తెలియదు. పదేళ్ళకు పైగా అది విండోస్‌కన్నా ముందు తరం డాస్ మీద నడిచింది. ఇప్పుడు 1997. ప్రభుత్వ ప్రెస్సులన్నీ విండోస్‌కి మారుతున్నాయి. డాస్ ప్రోగ్రాంని విండోస్‌కి మార్చే బాధ్యతను తండాలో పుట్టి ఎంసీఏ చదివిన చాందికి అప్పగించారు. ఆమె ఆ పని దాదాపు పూర్తి చేసింది.

హైదరాబాద్‌లో ఇంటెలిజెన్స్ సెక్షన్ చీఫ్ నిర్మలాదేవి గదిలో జరిగిన బ్రీఫింగ్ రెడ్యాకి అక్షరం అక్షరం గుర్తుంది.

"పోలీసులు యాక్సిడెంట్ అంటున్నారు," అంది ఆమె. "వెదురు లారీ. నంబర్ ప్లేటు లేదు. నేను నమ్మను. నిన్ను పంపడానికి మాత్రం రూల్స్ ఒప్పుకోవు."

"పంపకపోతే సెలవు పెట్టి పోతాను మేడం."

"తెలుసు. అందుకే పంపుతున్నాను. ఒక్క షరతు. చంపినవాడు నాకు ప్రాణంతో కావాలి. నోరు విప్పి చెప్పాలి. శవం వాంగ్మూలం ఇవ్వదు."

అవతలి వాళ్ళది బ్యాంకాక్ కేంద్రంగా నడిచే ముఠా. దాని కోడ్‌నేమ్ ఆర్కిడ్. బంగళాలో వాళ్ళ మనిషి ఒకరున్నారని చీఫ్‌కి సమాచారం అందింది, పేరు మాత్రం ఇంకా అందలేదు. రెడ్యా యూపీఎస్ మెకానిక్ వేషం వేశాడు. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిల్, లచ్చిరాం అనే దొంగ పేరు. పిస్టల్ టూల్ బ్యాగులో, బ్యాటరీ కింద ఉంది. చీఫ్ పెట్టిన షరతు మాత్రం ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. వాడు ప్రాణంతో కావాలట.

చాంది గదికి తాళం చెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. ఒకరు డైరెక్టర్ బసవపున్నయ్య. వైరా దగ్గర పెద్ద రైతు కుటుంబం వాళ్ళది. డాస్ రంగవల్లిని ఒంటిచేత్తో రాసిన ఘనుడు. రెండోవాడు హార్డ్‌వేర్ టెక్నీషియన్ గులాం రసూల్. మూడో మనిషి మలికా. ఖమ్మంలో పుట్టి బొంబాయిలో మెరుగులు దిద్దుకున్న కలర్ డిజైనర్. ఆమె వరండాలోకి వస్తే ఆమెకన్నా ముందు సెంటు వస్తుంది.

యూపీఎస్ చెక్ చేయాలి, భోజనానికి పోయే ముందు అందరూ కంప్యూటర్లు బంద్ చేయండని చెప్పి రెడ్యా బ్యాటరీ ముందు కూర్చున్నాడు. కళ్ళు మాత్రం ముగ్గురి చేతుల మీదే ఉన్నాయి.

రసూల్ 'స్టార్ట్' నొక్కి, 'షట్‌డౌన్' ఎంచుకుని, ఇక ఆపుకోవచ్చన్న నారింజ రంగు అక్షరాలు వచ్చేదాకా ఓపిగ్గా ఆగాడు. డిస్కు చెడితే బాగు చేయాల్సింది తనే కాబట్టి అతని జాగ్రత్త అతనిది. మలికా పొడవాటి ఎర్రటి గోటితో అదే పని చేసింది.

బసవపున్నయ్య చెయ్యి కదపలేదు. కాలు చాపాడు. బల్ల కింద ఉన్న స్విచ్‌ని బొటనవేలితో నొక్కాడు. టక్. తెర ఆరిపోయింది.

"గట్ల డైరెక్టుగ బంద్ చేస్తె ఖరాబైతది సార్," అన్నాడు రెడ్యా.

"ఏమయ్యా లచ్చిరాం, నువ్వు నిక్కరు తొడిగిన నాటి నుంచి కంప్యూటర్లు ఆపుతున్నా నేను," అన్నాడు బసవపున్నయ్య నవ్వుతూ. "డాస్‌లో పని అయిపోతే స్విచ్ కట్టేసుడే. ఈ కొత్తదాన్ని ఆపాలన్నా ముందు 'స్టార్ట్' నొక్కాలంట. కనిపెట్టినోడికి సిగ్గుండాలి."

రసూల్ నవ్వాడు. రెడ్యా కూడా నవ్వాడు. స్క్రూడ్రైవర్ పిడి అరచేతిలో దిగబడి నొప్పి పుడుతున్నా పట్టు వదల్లేదు. చాంది చనిపోయిన సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చుని, పని అయ్యాక బొటనవేలితో తెర ఆర్పింది ఎవరో అతనికి తెలిసిపోయింది.

ఆ మధ్యాహ్నం భద్రాచలం హోటల్లో, ఫ్యామిలీ రూంలో మలికా అతని ఎదుట కూర్చుంది. బాగా ఎర్రటి లక్క రంగు ఎక్కడ దొరుకుతుందని రెడ్యా అడిగాడు. వానలు పడితే గానీ దొరకదని ఆమె జవాబిచ్చింది. కోడ్ సరిపోయింది. ఆర్కిడ్ ముఠాలో ఉంటూ నిర్మలాదేవికి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్ ఈమే.

"వేషం మంచిగనే ఉన్నది," అంది మలికా టీ చప్పరిస్తూ. "గోళ్ళు మాత్రం ఆఫీసర్‌వి. గ్రీజు గిట్ల పూసుకో."

"లారీ ఎవరిది?"

"మాది కాదు. పని పూర్తయ్యేదాంక ఆ పిల్ల బతికుండుడే ఆర్కిడ్‌కి కావాలె. డైరెక్టర్ ముసలాయన సొంతంగ చేసిండు. ఎందుకని అడిగితె చెప్పలే. బ్యాంకాక్‌ల గూడ కోపమైన్రు."

"నువ్వు ఎవరి మనిషివి మలికా?"

"జీతం ఇద్దరూ ఇస్తున్నరు. పింఛను ఇస్తనన్నది మాత్రం మీ మేడం ఒక్కతే."

ఆమె మిగతాదంతా చకచకా చెప్పేసింది. మర్నాడు పొద్దున గోదావరి లాంచీలో డెక్కర్ అనే విదేశీయుడు టూరిస్టు వేషంలో ఎక్కుతాడు. బసవపున్నయ్య ప్రోగ్రాం కాపీ ఉన్న ఫ్లాపీలను ఆమె చేతికిస్తే, ఆమె వాటిని డెక్కర్‌కి అందించాలి. వాడి దగ్గర లాప్‌టాప్, శాటిలైట్ ఫోన్ ఉన్నాయి. ఫ్లాపీ లోపలికి పోయిందంటే రంగవల్లి నిమిషాల మీద బ్యాంకాక్‌కి బయల్దేరుతుంది.

డిపార్టుమెంటు రెడ్యాకి పెన్నులో దాచిన కెమెరా ఇచ్చింది. అతను దాన్ని జేబులో పడేసి, బజారులో రేడియోలు బాగుచేసే కొట్టుకు పోయి పాత లౌడ్‌స్పీకర్ అయస్కాంతం ఒకటి కొన్నాడు. ఫ్లాపీ మీద రాసింది చెరిపేయడానికి అంతకన్నా మంచి ఆయుధం లేదు. దాన్ని మలికా హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టాలని ప్లాన్.

మర్నాడు రేవులో ఆ ప్లాన్ ముక్కలైంది. బసవపున్నయ్య మెట్లు దిగి వస్తూనే మలికా బ్యాగు వంక చూశాడు, తల అడ్డంగా ఊపాడు. నా సరుకు నా చేత్తోనే ఇస్తానన్నాడు. గుడ్డసంచీ తిన్నగా డెక్కర్ చేతికిచ్చి, వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. మలికా రెడ్యాని వెతుకుతున్నట్టు లాంచీ వైపు చూసింది. బ్యాగు అడుగున ఉండాల్సిన అయస్కాంతాన్ని అంతకుముందే ఆమె అతనికి తిరిగిచ్చేసింది. పొద్దున్నే ముసలాయన బ్యాగు తెరిపించి చూశాడనీ, ఇక అందులో ఏదీ దాచలేననీ చెప్పింది. ఇంకో పక్క, సాయం రావాల్సిన పోలీసు జీపు గోదావరి వంతెన మీద, ఆగిపోయిన వెదురు లారీ వెనక ఇరుక్కుంది.

లుంగీ కట్టి, తలకు తువ్వాలు చుట్టి లాంచీ కూలీలా నిలబడ్డ రెడ్యా చెక్క పలక మీదికి దూకాడు. అయస్కాంతం నడుముకి, బనీను కింద కట్టి ఉంది.

"సంచి ఇటియ్యుండ్రి దొరా. పలక ఊగుతున్నది," అన్నాడు.

డెక్కర్ ఒక క్షణం తటపటాయించాడు. పలక నిజంగానే ఊగింది. సంచీ అందించి తాడు పట్టుకున్నాడు. రెడ్యా ఆ సంచీని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పొట్టకి హత్తుకుని, ఇటూ అటూ తిప్పుతూ, పలక దాటి డెక్ మీద భద్రంగా పెట్టాడు. డెక్కర్ అతని చేతిలో బక్షీసు కూడా పెట్టాడు.

మలికా కూడా ఎక్కాక లాంచీ ఇంజన్ అందుకుంది. డెక్కర్ శాటిలైట్ ఫోన్ కలిపి ఫ్లాపీ తోశాడు. లాప్‌టాప్ చదవలేనంది. ఇంకోటి తోశాడు. అదీ అంతే. తల ఎత్తి కూలీవాడి నడుం దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న బనీను చూశాడు. వాడి చెయ్యి కోటులోకి పోయింది.

"వద్దు," అంది మలికా. వాడి మెడ వెనక చల్లటి లోహం ఆనింది. అది ఒట్టి లిప్‌స్టిక్ గొట్టమే, కానీ వాడికా సంగతి తెలియదు. ఆ ఒక్క క్షణం చాలు. రెడ్యా లంగరు తాడు వాడి భుజాల మీదుగా వేసి బిగించాడు. లాంచీ నడిపే సరంగు ఇంజన్ ఆపేశాడు. మెట్ల పైన, అప్పుడే జీపు దిగిన పోలీసులు, లాంచీ కదలడం చూస్తూ ఆగిన బసవపున్నయ్యని చెరో రెక్కా పట్టుకున్నారు.

బంగళాలో, చాంది గదిలో, చాంది కుర్చీలోనే ఆయన్ని కూర్చోబెట్టాడు రెడ్యా. బల్ల మీద టేప్ రికార్డర్ పెట్టాడు. తను ఎవరో, ఆ సాయంత్రం తెర ఆర్పింది ఎవరో ఎలా కనిపెట్టాడో చెప్పాడు.

"ఓహో. అన్నవా," అన్నాడు బసవపున్నయ్య. భయపడలేదు. "సరే, నీ దగ్గరున్న సాక్ష్యం ఏంది? ఫ్లాపీలన్నీ నువ్వే చెరిపితివి. ఆ దొర నోరు తెరవడు. రెండు జీతాల మలికా మాట ఏ కోర్టూ నమ్మదు. ఇంక మిగిలింది నా కాలి బొటనవేలు. దాన్ని బోనెక్కిస్తావా?"

రెడ్యా పిస్టల్ తీశాడు. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. పారిపోబోతే కాల్చానని రాసుకుంటే సరిపోతుంది, చీఫ్ కూడా కళ్ళు మూసుకుంటుంది. వేలు ట్రిగ్గర్ మీదికి పోయింది.

"ఎందుకు?" అన్నాడు. "అది ఒక్కటి చెప్పు."

బసవపున్నయ్య తెర వైపు చెయ్యి చూపించాడు.

"తెరిచి చూడు. ముగ్గు వస్తది. ముగ్గు మధ్యలో ఏమున్నది? ఏం లేదు. నా రంగవల్లిని డాస్‌లో తెరిస్తే మొట్టమొదటి లైను నా పేరు. పదేళ్ళు ప్రతి ప్రెస్సులో, ప్రతి పొద్దున ఆ పేరు వెలిగింది. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల దాన్ని తుడిచేసింది."

రెడ్యా పిస్టల్ బ్యాగులో పెట్టేశాడు. వచ్చిన నాటి నుంచి చెల్లెలి చేతిపనిని మెనూ మెనూకీ తెరిచి చూసుకున్నవాడతను. తూటాకన్నా లోతుగా దిగేది ఎక్కడుందో అతనికి తెలుసు. విండోస్ ప్రోగ్రాముల్లో రాసినవాళ్ళ పేర్లు తెరవగానే కనిపించవు. పైన చివరి మెనూలో, అడుగున ఉండే 'అబౌట్'లో ఉంటాయి. అందరూ పాటించే పద్ధతి అది. రెడ్యా ప్రోగ్రాం తెరిచి, మౌస్ అక్కడికి జరిపి నొక్కాడు.

చిన్న కిటికీ తెరుచుకుంది.

'రంగవల్లి. సృష్టికర్త: బసవపున్నయ్య గారు. విండోస్‌కి మార్చినది: ఆయన ప్రోగ్రాం చదివి పని నేర్చుకున్న చాంది.'

బసవపున్నయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ చదివాడు.

"ఇది నువ్వు రాసినవ్," అన్నాడు.

"ఫైలు తేదీ చూడు."

చూశాడు. చాంది బతికున్న నాటి తేదీ. మౌస్ అందుకుని ఆ కిటికీ మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ చదివాడు. రెడ్యా ఆయన్ని ఎంతసేపు చదువుకుంటాడో చదువుకోనిచ్చాడు. చివరికి ఆ ముసలి చెయ్యే టేప్ రికార్డర్‌ని దగ్గరికి లాక్కుని మీట నొక్కింది.

"నా పేరు బసవపున్నయ్య. ఊరు వైరా. లారీ మాట్లాడింది నేను. చాంది స్కూటర్ మీద అన్నానికి పోయే దారి డ్రైవర్‌కి చూపించింది నేను. ఆ సాయంత్రం ఈ కుర్చీలోనే కూర్చుని ఆమె ప్రోగ్రాం కాపీ చేసుకున్నా. దాన్ని ఆర్కిడ్‌కి అమ్మబోయింది నేనే. పిల్లని చంపమని వాళ్ళు చెప్పలే. నా పేరు తుడిచిందని నేనే చంపించినా. ఈ మెనూ నాకు రోజూ కనపడేది. పైన 'హెల్ప్' అని రాసుంది. నాకు ఒకరి హెల్ప్ ఏందిలే అని ఏనాడూ తెరవలే."