పూయనివ్వని వెదురు

వేణుగిరి రాజ్యంలో ముసలితనం లేదు. అబ్బ, ఎంత బాగుందో అని అప్పుడే లొట్టలేయకండి పిల్లలూ! ముసలితనంతోపాటు అక్కడ ఇంకొకటి కూడా లేకుండా పోయింది. ఏ ఇంటా పసిబిడ్డ ఏడుపు వినిపించేది కాదు.

ఒకప్పుడు ఆ రాజ్యంలో మాయజ్వరం వచ్చి చిన్నపిల్లలందరినీ ఊడ్చుకుపోయింది. మేదరవాడలో నాంచారి అనే పదేళ్ళ పిల్ల ఒక్కతే బతికి బట్టకట్టింది. ఆమె తల్లిదండ్రులను కూడా ఆ జ్వరమే పొట్టన పెట్టుకుంది. ఆ పిల్లకు మిగిలిన దిక్కల్లా బాపమ్మ అవ్వ. అది మొదలు రాజ్యంలో ఎవరికీ ఒక్క వెంట్రుక నెరవలేదు, ఎవరికీ కడుపు పండలేదు. ఆవులు ఈనుతున్నాయి, పిల్లులు పిల్లల్ని పెడుతున్నాయి, మనుషులకే ఈ చోద్యం. నాంచారి పెరట్లో పాతిన చింతగింజ మానై కాయలు కాస్తోంది. నాంచారి మాత్రం ఆ పదేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

పాపం, ఆమెతో ఆడేదెవరు? గచ్చకాయలు ఆడాలంటే కుడిచేత్తో ఒక ఆట, ఎడంచేత్తో ఒక ఆట ఆడుకునేది. ఎడంచెయ్యి ఎప్పుడూ ఓడిపోయేది. పోనీ ఓడినవాళ్ళను వెక్కిరిద్దామా అంటే, అదీ తన చెయ్యే! పెద్దవాళ్ళకు ఆమె అంటే ముద్దే, కాదనను. కానీ ఒకే పిల్లను ఎన్నేళ్ళని ముద్దుచేస్తారు? వాళ్ళకూ విసుగొచ్చింది.

బాపమ్మది ఎడమచేతి వాటం. ఆమె అల్లిన బుట్టకు అంచు కట్టు ఎడమవైపు తిరిగి ఉండేది. సంతలో చూసినవాళ్ళెవరైనా "ఇది బాపమ్మ పనే" అనేవారు. ఆ కట్టు వేయడం, విప్పడం ఆమె దగ్గర నేర్చుకున్నది నాంచారి ఒక్కతే. కొనే దిక్కు లేకపోయినా అవ్వ ఎప్పుడూ వెదురు ఉయ్యాల తొట్టెలే అల్లేది. అవి చూరు దాకా పేరుకుపోయాయి.

బిడ్డలు పుట్టకపోవడానికి కారణం కనిపెట్టినవారికి కోరినది ఇస్తానని సోమదత్త మహారాజు చాటింపు వేయించాడు. ముసలితనం లేనివాళ్ళకు తొందరేముంది? "రేపు చూద్దాంలే" అన్నారు కొందరు. "ఎల్లుండయితే మాత్రం కొంపలు మునుగుతాయా?" అన్నారు ఇంకొందరు.

నాంచారి మాత్రం అవ్వ ముందుకొచ్చి నిలబడింది. "నేనెళ్తానవ్వా."

అవ్వ చేతిలో వెదురుబద్ద ఆగింది. "ఎక్కడికే తల్లీ?"

"పిల్లలు ఎందుకు పుట్టట్లేదో కనుక్కోడానికి. ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానవ్వా. నాకేం తోచట్లేదు."

అవ్వ బద్ద పక్కన పెట్టి లేచింది. చద్దిమూట కట్టి చేతికిచ్చి, పిల్ల కనుమరుగయ్యేదాకా గుమ్మంలోనే నిలబడింది.

పొలిమేర దాటాక జొన్నచేలో నాంచారికి ఒక చిట్టెలుక ఎదురైంది. దాని బొచ్చు ఊడిపోయింది, కళ్ళు మసకబారాయి.

"పిల్లా, నా కూనలు ఆకలికి అల్లాడుతున్నాయి. ఆ మూట ఇటిస్తే నీకు పనికొచ్చే మాట చెబుతాను" అంది చిట్టెలుక.

నాంచారి ఉన్న ఒక్క మూటా విప్పి దాని ముందు పెట్టింది. "ఎలకమ్మా, నువ్వు బాగా ముసలిదానివా?"

"ముసలిదాన్నే. పోయిన కోతల్లో పుట్టాను!" అని నవ్వింది చిట్టెలుక. "పైన గద్ద, కింద పాము. రేపు కూలిపోయే ఇంటికి ఎవరైనా కొత్త కప్పు వేస్తారా? నా ఒంట్లో ఉన్న సత్తువంతా పిల్లలకే ధారపోస్తాను. ఒంటికి మరమ్మతు చేసుకునే తీరిక లేదు, అందుకే తొందరగా ముసలితనం. నాకు తెలిసింది ఇంతే. పాత సంగతులు కావాలంటే నల్లగుహలో గబ్బిలాన్ని అడుగు."

ఆకలితో నడిచి నడిచి నాంచారి నల్లగుహ చేరింది. లోపల నేల మీద గబ్బిలం కూన ఒకటి పడి కిచకిచలాడుతోంది. పైకప్పుకు వేలాడుతున్న తల్లి ఎత్తుకోలేక ఏడుస్తోంది. నాంచారి కూనను ఒడిలో కట్టుకుని, మోకాళ్ళు చీరుకుపోతున్నా రాళ్ళు పట్టుకుని పైకెక్కి తల్లికి అందించింది.

"బతికించావమ్మా! ఏడాదికి నాకు పుట్టేది ఈ ఒక్కటే" అంది గబ్బిలం.

"ఒక్కటేనా? నీ అంతే ఉన్న చిట్టెలుకకు బోలెడంతమంది కదా!"

"దాని బతుకు వేరు. ఈ గుహలోకి గద్ద రాదు, పాము ఎక్కదు. రేపు ఉంటానని నమ్మకం ఉన్నవాళ్ళే ఇల్లు బాగుచేసుకుంటారు. నా సత్తువలో ఎక్కువ భాగం ఒంటి మరమ్మతుకే పోతుంది. అందుకే అది ఏడాదికే ముసలిదైతే, నేను ముప్ఫై ఏళ్ళు చూశాను. అటూ ఇటూ రెండూ కావాలంటే కుదరదు తల్లీ." గబ్బిలం కూనను రెక్క కింద పొదువుకుని మళ్ళీ అంది: "నా చిన్నప్పుడు మీ రాజ్యం నుంచి ఒక ఆడమనిషి ఏడ్చుకుంటూ వెదుళ్ళకోన యక్షిణి దగ్గరికి వెళ్ళింది. ఆ ఏడాది నుంచే మీ ఊళ్ళ మీదుగా ఎగిరితే నాకు పసివాళ్ళ ఏడుపు వినపడలేదు."

వెదుళ్ళకోనలో గాలి తప్ప మాట్లాడే ప్రాణి లేదు. కోన నడుమ ఆకాశాన్ని అంటే వెదురు పొద ఉంది. దాని నడుముకు వెదురుబద్దతో కట్టు వేసి ఉంది. కట్టుకు పైన మొగ్గలు ఉబ్బి ఉన్నాయి, ఒక్కటీ విచ్చుకోలేదు. పొద పక్కన యక్షిణి ఒంటరిగా కూర్చుని ఉంది.

"రా నాంచారీ. నా వరం నీతో ఆడే పిల్లలను పుట్టనివ్వలేదని నిలదీయడానికి వచ్చావు కదూ?" అంది యక్షిణి. "ప్రాణాన్ని సృష్టించడం నా చేత కాదు. ఒక కుండలోది ఇంకో కుండలోకి వంచగలను, అంతే. రేపటి బిడ్డలకు పోవలసిన సత్తువనంతా ఉన్నవాళ్ళ ఒంటి మరమ్మతుకు మళ్ళించాను."

"రాజ్యానికంతటికీ ఎందుకిలా చేశావు?"

"ఆమె అడిగింది ఒక్కదాని కోసమే. 'నా మనవరాలు పెద్దదయ్యేదాకా నేను ముసలిదాన్నై పోకూడదు' అంది. కానీ మీ రాజ్యం కూడా ఈ వెదురు పొద లాంటిదే, వేరు ఒక్కటే. ఒక గడకు కట్టు వేస్తే అన్ని గడలకూ పడుతుంది. మనవరాలికి కూడా పడింది."

నాంచారి దగ్గరికి వెళ్ళి కట్టును తడిమి చూసింది. అది ఎడమవైపు తిరిగి ఉంది.

ఆమె చప్పున చెయ్యి వెనక్కి తీసుకుంది. పూతకొచ్చిన వెదురు జోలికి పోకూడదని మేదరవాళ్ళ కట్టుబాటు. పూస్తే పొద ఎండిపోతుందని తెలిసినా ఎవరూ దాన్ని ఆపరు. ఆ మాట తనకు నేర్పిన అవ్వే ఈ కట్టు వేసింది!

"ఆ ముడి తెలిసిన చెయ్యే దాన్ని విప్పాలి" అంది యక్షిణి. "విప్పితే ఈ క్షణమే ఎవరూ పోరు. ఎవరి వయసు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలవుతుంది. కానీ నీ అవ్వకు మిగిలినది కొంచెమే."

నాంచారి పొద మొదట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. లోకంలో తనకున్నది అవ్వ ఒక్కతే. కట్టు ఉంటే అవ్వ ఉంటుంది. కానీ కొనే దిక్కు లేని ఆ తొట్టెలన్నీ అవ్వ ఎందుకు అల్లిందో ఇప్పుడు అర్థమైంది: పసిబిడ్డల కోసం అవ్వ కూడా ఎదురుచూస్తోంది. చాలాసేపటికి లేచి కళ్ళు తుడుచుకుని, అవ్వ నేర్పినట్టే ముడి విప్పింది. మొగ్గలు విచ్చుకున్నాయి. పొద నిలువునా పూసి, గింజ కట్టి, ఎండిపోయింది. రాలిన వెదురుబియ్యం పిడికెడు పరికిణీ అంచున కట్టుకుని ఆమె పరుగున ఇల్లు చేరింది.

అవ్వ ఆ ముడిలోని వెదురుబియ్యం చూసి అడిగింది. "విప్పావా?"

"విప్పానవ్వా. నామీద కోపమా?"

"కోపమెందుకే నా తల్లీ! ఏటేటా వెళ్ళేదాన్ని. ముడి మీద చెయ్యేసేదాన్ని. నువ్వు ఒంటరిదానివైపోతావని విప్పలేక తిరిగొచ్చేదాన్ని. చూశావా నా తెలివి? నిన్ను ఒంటరిదాన్ని చేసింది నేనే." అవ్వ మనవరాలిని దగ్గరికి తీసుకుని భోరుమంది.

ఆ ఏడే నాంచారి పరికిణీ పొట్టిదైంది. అవ్వ అంచు విప్పి పొడుగు చేస్తూ మురిసిపోయింది. పక్కింట్లో ఆడపిల్ల పుట్టింది. పేరుకుపోయిన తొట్టెల్లో ఒకటి తీసుకెళ్ళి అవ్వ తన చేత్తోనే బిడ్డను అందులో పడుకోబెట్టి, జోలపాట పాడింది. కొద్ది రోజులకే నాంచారి చెయ్యి పట్టుకుని ప్రశాంతంగా కన్నుమూసింది.

ఇల్లు బోసిపోయింది. మహారాజు పిలిచి ఏం కావాలో కోరుకోమంటే, "పూతకొచ్చిన వెదురును ఎవ్వరూ ఆపకూడదు ప్రభూ" అని మాత్రం అంది నాంచారి. వెదురుబియ్యం పెరట్లో చల్లి, వచ్చిన మొలకలకు నీళ్ళు పోస్తూ చాలా కాలం ఒంటరిగానే గడిపింది. ఏడుపు వస్తే ఏడ్చింది.

ఒకనాడు పక్కింటి పిల్ల తప్పటడుగులు వేసుకుంటూ ఆ పెరట్లోకి వచ్చింది. తర్వాత రోజూ వచ్చింది. కొన్నేళ్ళకు ఇద్దరూ పడుచు వెదుళ్ళ నీడలో ఎదురెదురుగా కూర్చుని గచ్చకాయలు ఆడారు. ఆ గడుగ్గాయి ఆఖరి కాయ ఒడిసిపట్టుకుని ఎగిరి గంతేసింది.

"ఓడిపోయావ్, నాంచారక్కా! ఓడిపోయావ్!"

ఆ వెక్కిరింత విని నాంచారి కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వింది.