ఎనభై ఎనభై నంబరు గుమ్మం

"ఎనభై ఎనభైలో కూర్చున్నది మీరేనా?"

అతను తలెత్తి చూశాడు. ఎదురుగా ఒక అమ్మాయి. ఒక చేతిలో లాప్‌టాప్, రెండో చేతిలో చార్జరు, కళ్లలో ఆ రెండింటికీ సరిపోయేంత చార్జింగు.

"నేను కుర్చీలో కూర్చున్నానండీ," అన్నాడు.

"మీరు కాదు, మీ ప్రోగ్రాము. టెస్ట్ సర్వర్లో పోర్టు ఎనభై ఎనభై. నాది లేపుదామంటే మీది అడ్డం పడుకుంది."

పోట్లాట పోర్టు దగ్గరే మొదలైంది కనుక అదేమిటో ఇక్కడే చెప్పేస్తాను. సర్వరు ఒక ఇల్లయితే పోర్టు దానికి గుమ్మం. ఒక గుమ్మంలో ఒక్క ప్రోగ్రామే నిలబడుతుంది. రెండోది వస్తే, "ఇక్కడ మనిషున్నాడు, జరుగు" అని సర్వరు ఎర్ర అక్షరాలతో కసురుకుంటుంది. జావా అనే కంప్యూటరు భాషలో రాసిన ప్రోగ్రాములకు, మనం వేరే ఏదీ చెప్పకపోతే, తరచుగా ఈ ఎనభై ఎనభై నంబరు గుమ్మం మీదే మోజు.

"పక్కన ఎనభై ఎనభై ఒకటి ఖాళీగా ఉంది కదండీ. అందులోకి వెళ్లండి."

"మీరే వెళ్లండి. నేను నిన్ననే కర్చీఫ్ వేసుకున్నాను."

"సర్వర్లో కర్చీఫా?"

"బోర్డు మీద రాశాను. చదవడం వచ్చినవాళ్లకు కనిపించేది."

"చూశాను. రాత అనుకోలేదు, ఎవరో మార్కరు పనిచేస్తుందో లేదో గీసి చూశారనుకున్నాను."

ఆమె చేతిలోవి రెండూ బల్ల మీద పెట్టింది. అతని లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఒక్క మీట నొక్కి అతని ప్రోగ్రామును నిద్రపుచ్చి, లాప్‌టాప్‌ను మళ్లీ మర్యాదగా అతని వైపు తిప్పి వెళ్లిపోయింది. జావాలో రాసి రాసి రాటుదేలిన మనిషి, ఆ కాసేపూ నిజంగానే జావగారిపోయాడు.

మర్నాడు తెలిసింది, ఇద్దరూ ఒకే పని మీద ఉన్నారని.

ఆ ఆఫీసుకు కొత్తగా ఒక పని వచ్చింది. ఊళ్లో సభలకూ విందులకూ కుర్చీలు, బల్లలు అద్దెకిచ్చే సంస్థ ఒకటుంది. దాని యజమానురాలిని అందరూ కుర్చీల మేడమ్ అంటారు. ఆవిడ బాధ ఒక్కటే. కుర్చీలు నిండుగా వెళ్తాయి, మెండుగా విరుగుతాయి, కొన్ని అసలు రావు. ఏ కుర్చీ ఏ హాల్లో ఉందో, ఎవరు సంతకం పెట్టి తీసుకెళ్లారో ఎప్పటికప్పుడు చూపించే సాఫ్ట్‌వేర్ కావాలి.

అది రాయడానికి ముందు ఫ్రేమ్‌వర్కు ఎంచుకోవాలి. అంటే ప్రతి ఇంటికీ పునాది మనమే తవ్వుకోనక్కర్లేకుండా ఎవరో ముందే పోసిపెట్టిన స్తంభాలన్నమాట. మనం గోడలు కట్టుకుంటే చాలు.

అతనిది స్ప్రింగ్ అనే ఫ్రేమ్‌వర్కు పక్షం. "వెనకాల లెక్కలు, తాళాలు, డేటా గట్టిగా ఉండాలి సార్. తెర ఎవరైనా గీసుకుంటారు."

ఆమెది వాడిన్ పక్షం. "కుర్చీల మేడమ్ చూసేది తెరనే సార్. వాడిన్‌తో బటన్లు, పట్టికలు కూడా జావాలోనే రాసుకోవచ్చు. గీసే ఆ 'ఎవరైనా' ఎవరో వెతుక్కోనక్కర్లేదు."

సార్ అంటే వాళ్ల మేనేజరు. ఆయన్ని అందరూ తూకం సార్ అంటారు. టీయా, కాఫీయా అని అడిగితే రెంటి మంచిచెడ్డలూ పట్టిక వేసి తేల్చే మనిషి. ఆయన తేల్చేసరికి రెండూ చల్లారిపోతాయి.

"కాకిపిల్ల కాకికి ముద్దు," అన్నారు తూకం సార్. "ఎవరి పిల్లను వాళ్లు పొగిడితే నాకేం తెలుస్తుంది? కాబట్టి మార్చుకోండి. అబ్బాయ్, నువ్వు వాడిన్‌తో ఒక నమూనా కట్టు. అమ్మాయ్, నువ్వు స్ప్రింగ్‌తో కట్టు. కట్టాక దాని తరఫున కుర్చీల మేడమ్ ముందు మాట్లాడాలి."

"శత్రువు తరఫున వాదించాలా సార్?" అన్నాడతను.

"శత్రువు గురించి తెలుసుకోకుండా తిట్టడం కంటే తెలుసుకుని తిట్టడం మేలు కదా."

అలా రోజూ నాలుగు గంటలకు క్యాంటీన్ కిటికీ పక్క బల్ల దగ్గర వాళ్ల టీ మొదలైంది. అవతలివాళ్ల ఫ్రేమ్‌వర్కు అవతలివాళ్లనే అడిగి నేర్చుకోవాలి మరి.

"స్ప్రింగ్ అంటే వసంతం కదా," అంది ఆమె మొదటిరోజు. "మీ మొహంలో ఎప్పుడూ ఆకులు రాలుతుంటాయేం, వసంతరావు గారూ?"

ఆ పేరు అతనికి అతుక్కుపోయింది. ఆమెకు అంతకంటే పెద్ద పేరే దొరికింది. వాడిన్, వాడిన్ అని అంటూ అంటూ ఆఫీసులో కుర్రకారు ఆ మాటను సాగదీసి, వంచి, చివరికి ఆమెను "వదిన" అనడం మొదలెట్టారు. "వదినా, ప్రింటర్ ఆగిపోయింది." "వదినా, మీటింగు ఎన్నింటికి?"

ఆమె పట్టించుకోలేదు. అతనికే పీకల మీదికొచ్చింది. ఎందుకంటే వాళ్లంతా అతన్ని ముందునుంచీ అన్నయ్య అనే పిలుస్తారు.

"వాళ్లను మానమని చెప్పండి," అన్నాడు చెవులు ఎర్రబడి.

"నేనెందుకు చెప్పాలి? నాకేం చుట్టరికం తగల్లేదే. మీకేమైనా తగిలిందా?"

అతను టీ మింగబోయి మాట మింగాడు.

ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ వాళ్లమ్మ ఫోను చేస్తే ఎత్తేది. "ఆ స్ప్రింగు ఇవాళ మళ్లీ మొదలెట్టాడమ్మా. చెంచా తిప్పడానికి కూడా కారణం చెప్తాడు. చెప్పిందే చెప్తాడు. నేను చెబితే నవ్వుతాడు." ఇదంతా అతని ఎదురుగానే. అతను బిస్కెట్ల పళ్లెం ఆమె వైపు జరిపేవాడు, తిట్టడానికి ఓపిక కావాలి కదా అని.

వానలు మొదలయ్యాయి. కిటికీ అద్దం మీద రెండు చినుకులు పరుగుపందెం పెట్టుకుంటే, ఆమె ఎడమదాని మీద, అతను కుడిదాని మీద పందెం కాసేవారు. చినుకులు మాత్రం సగందాకా వచ్చి కలిసిపోయేవి.

ఒక మధ్యాహ్నం అతను వాడిన్ గురించిన పేజీలు తిరగేస్తుంటే ఒకచోట ఆగిపోయాడు. వాడిన్‌ను స్ప్రింగ్ మీద కూర్చోబెట్టుకోవచ్చని చాలా మామూలుగా రాసి ఉంది. ఇది ముందు, అది వెనక. రెండూ ఒకే ప్రోగ్రాము, ఒకే గుమ్మం. అంటే ఇన్నాళ్లూ వీళ్లు కొట్టుకుంటున్నది, బండికి ఇంజను కావాలా స్టీరింగు కావాలా అని.

అతను లాప్‌టాప్ పట్టుకుని లేచాడు, ఆమెకు చెబుదామని. నాలుగైంది. ఆమె కిటికీ దగ్గర అతని కప్పు మీద సాసర్ మూత పెట్టి ఎదురుచూస్తోంది.

పోట్లాట తెగిపోతే టీ కూడా తెగిపోతుంది.

"ఇవాళ ఆలస్యం," అంది.

"మీ వాడిన్‌ను తిట్టడానికి కొత్త మాటలు వెతుక్కుంటున్నాను," అన్నాడు. ఆ పేజీ మూసేశాడు.

నమూనాలు చూపించే ముందురోజు సాయంత్రం తూకం సార్ ఇద్దరినీ పిలిచారు. "రేపు ఎవరు మొదట కోరిన ఫ్రేమ్‌వర్కు నెగ్గితే, ఆ పక్షంవాళ్లు ఇక్కడే ఉండి ఈ పని నడిపిస్తారు. రెండోవాళ్లు సముద్రం పక్క బ్రాంచికి. పై నుంచి ఆర్డరు. అక్కడ గాలి బాగుంటుందట."

బయట వాన దంచుతోంది. ఇద్దరూ బస్టాపు రేకు కింద నిలబడ్డారు.

"మీకు సముద్రం ఇష్టమేనా?" అంది ఆమె.

"ఉప్పగా ఉంటుంది. మీకు?"

"నాకు ఈత రాదు."

అతను నోరు తెరిచాడు, ఆ పేజీ సంగతి చెబుదామని. ఇన్నాళ్లూ తెలిసి దాచారా, నన్ను ఆడించారా అని ఆమె అడిగితే ఏం చెప్పాలి? ఈలోగా ఆమె బస్సు వచ్చింది. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "రేపు బాగా మాట్లాడండి," అంది. ఎవరి తరఫునో చెప్పలేదు.

మర్నాడు ముగ్గురూ కుర్చీల మేడమ్ గోదాముకు వెళ్లారు. నేల నుంచి కప్పుదాకా కుర్చీలే. ఒకదానిలో ఒకటి ఇరుక్కుని స్తంభాల్లా నిలబడ్డాయి. ఇన్ని కుర్చీలుండీ కూర్చోవడానికి మాత్రం ఒక్కటి ఊడి రాలేదు. చివరికి అతనొక వైపు, ఆమె ఒక వైపు పట్టి లాగితే వచ్చాయి.

"మావి అంతే," అంది మేడమ్ గర్వంగా. పొట్టిగా, గుండ్రంగా, నిండు స్టూలులా ఉన్న మనిషి. "విడివిడిగా పెడితే గది చాలదు. సరే, మీ ప్రేమ్‌వర్కులేవో చూపించండి."

"ఫ్రేమ్‌వర్కు," అన్నారు తూకం సార్.

"నేనూ అదే అన్నాను."

ముందు అతను. వాడిన్‌తో కట్టిన నమూనా గోడ మీది టీవీలో చూపించాడు. ఏ కుర్చీ ఎక్కడుందో ఒక్క నొక్కుతో కనిపిస్తోంది. అతను వాడిన్‌ను మెచ్చుకున్న తీరు చూస్తే, పెళ్లిసంబంధం మాట్లాడటానికి వచ్చిన పెద్దమనిషి అనుకోవచ్చు. వాడిన్ నెగ్గితే ఆమె ఇక్కడే ఉంటుంది.

తర్వాత ఆమె. "వెనకాల స్ప్రింగ్ ఉంటే లెక్క తప్పదు మేడమ్. ఎవరు ఏం మార్చారో తెలుస్తుంది. పోను పోను పెద్దదైనా కుంగదు. నా మాట వినండి, స్ప్రింగే తీసుకోండి." స్ప్రింగ్ నెగ్గితే అతను ఇక్కడే ఉంటాడు.

తూకం సార్ పట్టిక వైపు చూసుకున్నారు. రెండు పక్కలా సమానం.

"నాకొకటి చెప్పండి," అంది మేడమ్. "అబ్బాయి చూపించిన తెర నాకు నచ్చింది. అమ్మాయి చెప్పిన గట్టితనమూ నచ్చింది. రెండూ కలిపి ఇవ్వడం కుదరదా?"

కుదరదంటే ఒకరు మిగులుతారు, ఒకరు సముద్రం చూస్తారు. కుదురుతుందంటే అతను దాచిన సంగతి బయటపడుతుంది. అతను ఆమె వైపు చూశాడు. ఆమె చార్జరు తీగను వేలికి చుట్టుకుంటోంది.

"కుదురుతుందండీ," అన్నాడు. "నాకు ముందే తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదయ్యా?" తూకం సార్ కళ్లజోడు తీసేశారు.

"చెబితే పోట్లాట అయిపోతుంది సార్."

"అయిపోతే?"

"నాలుగింటి టీ కూడా అయిపోతుంది సార్."

గోదాములో ఎక్కడో ఒక కుర్చీ దానంతటదే కిర్రుమంది. ఆమె తీగను వేలి నుంచి విప్పింది. వచ్చి అతని పక్కన నిలబడింది.

"కబుర్లు తర్వాత. టైపు చేయండి," అంది.

ఆమె చెబుతుంటే అతను కొట్టడం మొదలెట్టాడు. ముందు ఏది చేర్చాలి, ఏ వెర్షను, ఏ వరుస ఎక్కడ పెట్టాలి, ఏది తీసేయాలి. ఆమె ఎక్కడా చూడటం లేదు, తడుముకోవడం లేదు, ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెబుతోంది. సగంలో అతని వేళ్లు ఆగిపోయాయి.

"ఇదంతా మీకు కంఠతా ఎలా వచ్చింది?"

"మీరు చదివిన పేజీ లోకంలో మీ ఒక్కరికే అచ్చేశారా?"

"ఎప్పటినుంచి?"

"మొదటి వానకంటే ముందునుంచి. మీరు ఎప్పుడు కనిపెడతారా అని భయంభయంగా టీ తాగుతున్నాను. కానివ్వండి, కామా మర్చిపోయారు."

కామా పెట్టాడు. మీట నొక్కాడు. తెర మీద అక్షరాలు వరుసగా జారాయి. ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు. ఎనభై ఎనభై నంబరు గుమ్మంలో ఒకే ప్రోగ్రాము నిలబడింది, ముందు ఆమెది, వెనక అతనిది.

"ఇద్దరూ ఇక్కడే ఉండాలి మరి," అన్నారు తూకం సార్, పట్టికలో ఇంకో గడి గీస్తూ. "నేను పైవాళ్లకు చెప్తాను. సముద్రం గాలికి నేనే వెళ్తానేమో. నాకు ఇక్కడి గాలే అర్థం కాలేదు ఇన్నాళ్లూ."

మేడమ్ మౌసు లాక్కుంది. "మొదటి బుకింగు నేనే చేస్తా. పెళ్లి. కుర్చీలు ఎన్నంటే అన్ని, అద్దె లేదు. ఎవరి పేరున రాయాలో వేరే చెప్పాలా?"

"మేడమ్, మేమింకా…" అన్నాడతను.

"ఇంకా ఏంటి?" అంది ఆమె, అతనికి మాత్రమే వినపడేలా. "నువ్వేం చెప్పబోయావో అది చెప్పు. నిన్న రేకు కింద నోరు తెరిచి మూశావుగా."

"నువ్వా?"

"పోర్టు ఒకటే అయ్యాక మన్ననలు దేనికి?"

అతను ఆకులు రాలే మొహంతోనే నవ్వాడు. ఆ కొమ్మకు మొదటిసారి చిగురు కనిపించింది. "నాకు రోజూ నీతో పోట్లాడాలని ఉంది. ఏ ఫ్రేమ్‌వర్కు మీదైనా సరే."

"అదేంటమ్మా, ఇది ముందుకు కదలట్లేదు," అంది మేడమ్. "తేదీ దగ్గర ఎర్రచుక్క పెట్టి ఆగిపోయింది."

"తేదీ లేకపోతే బుకింగు తీసుకోదండీ," అన్నాడతను.

"ఎవరు పెట్టారా నియమం?"

"నేనే," అంది ఆమె. చెవులు ఎర్రబడటం ఈసారి ఆమె వంతు. ఫోను తీసి వాళ్లమ్మకు చేసింది. "అమ్మా, ఆ స్ప్రింగు లేడూ…"

"ఫోను అతనికివ్వు," అంది అవతలి గొంతు. అందరికీ వినిపించింది. "ఏం బాబూ, నీ మీద నేను విన్నవన్నీ నిజమేనా?"

"నిజమేనండీ. బిస్కెట్లు జరిపినట్టు కూడా చెప్పిందా?"

"అది చెప్పలేదు. దాచుకుందన్నమాట. అయితే సరే. పెళ్లికి ముందు ఒక్క మనిషి మీద ఇన్ని ఫిర్యాదులు నేను వాళ్ల నాన్న మీద తప్ప ఎవరి మీదా చెప్పలేదు. తేదీ సంగతి మీ అమ్మగారితో మాట్లాడి చెప్తాను. ఆదివారం తీసుకురా."

"అందాకా ఆదివారం తేదీ వేసెయ్యండి," అంది ఆమె. "చూపులకు కూడా కుర్చీలు కావాలి కదా."

మేడమ్ తేదీ కొట్టింది. ఎర్రచుక్క పోయి పచ్చగా వెలిగింది.

"ఉచితమే, కానీ ఒక్క మాట," అంది మేడమ్ వేలు చూపిస్తూ. "వెళ్లినవి ఎన్ని, తిరిగొచ్చినవి ఎన్ని, అన్నీ ఇందులోనే చూసుకుంటా. ఒక్క కుర్చీ తగ్గినా మీ ఇద్దరినీ కలిపే అడుగుతా."

"కలిపే అడగండి మేడమ్," అన్నాడతను. "ఇక మా గుమ్మం ఒకటే."