నూట నలభై ఏడో సెషన్

"దావీదును అరెస్ట్ చెయ్. అతని అకౌంట్ లాక్ చేయించాను. మిషన్ ఓవర్."

చెవిలో చీఫ్ లింగమూర్తి గొంతు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చుని మిషన్లు ముగించడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. టైమ్ మధ్యాహ్నం రెండూ పది.

జమున పళ్లు కొరికింది. గోదావరిఖని శివార్లలోని మల్లగుట్ట బొగ్గు గనిలో పది రోజులుగా ఆమె, రానివాళ్లకు బదులు పనిచేసే బదిలీ వర్కర్. పని ల్యాంపు రూంలో. కిందికి దిగేవాళ్లకు టోపీ దీపాలివ్వాలి, పైకొచ్చాక ఛార్జింగుకు పెట్టాలి. జుట్టు నిండా కొబ్బరినూనె, చెవికి వినికిడి మిషన్. ఆ మిషనే రేడియో. అసలు ఉద్యోగం, పేరు చెప్పకూడని ఓ విభాగంలో ఫీల్డ్ ఏజెంట్. కోడ్ నేమ్ 'సీతాఫలం'. ఆ పేరు పెట్టిన మహానుభావుడికి ఓ దండం.

"సార్, కింద ఎంతమంది ఉన్నరు?"

"రెండు వందల పన్నెండు. అందుకే కదా లాక్ చేయించింది."

సంగతి ఇదీ. ఫ్యాను నుంచి హాజరు దాకా గనిలో ఇప్పుడు అన్నీ ఒకే డేటాబేస్‌లో ఉన్నాయి. ఓ విదేశీ ముఠా అందులోకి దూరి ఆర్డరు పెట్టింది. సరిగ్గా రెండున్నరకు గాలి పంపే పెద్ద ఫ్యాను ఆగుతుంది. గ్యాసు రీడింగులు మాత్రం పొద్దుటి మంచి అంకెల దగ్గరే నిలిచిపోతాయి. కొత్త సాఫ్ట్‌వేర్ పుణ్యమా అని మనుషుల చేతుల్లోని మీటర్లు కూడా అవే అంకెలు చూపిస్తాయి. మూడుకు పది నిమిషాల ముందు రోజూలాగే మందుగుండు పెట్టి బొగ్గు పేలుస్తారు, పేరుకున్న గ్యాసుకు నిప్పు తగులుతుంది. ఆ తర్వాత చెప్పేదేముంది. ఆ ఆర్డరు వెళ్లింది హాజరు క్లర్కు దావీదు యూజర్ నేమ్ మీద.

"అకౌంట్ లాకైతే కొత్తోడు రాడు సార్. ముందే వచ్చినోడు పోడు గద. గేటుకు తాళమేస్తే లోపలున్నోడు బయటికి పోతడా?"

"డోంట్ ఆర్గ్యూ."

"మనుషులనన్న పైకి పిలవనియ్యిండ్రి."

"పైకి నడిచి రావడానికి యాభై నిమిషాలు. పైగా ఢిల్లీ పర్మిషన్ కావాలి. దావీదును పట్టుకో."

"పట్టుకోను సార్. దావీదు కాక సీట్లకెంచి లేవడు. రాస్కోన్రి, సీతాఫలం మాట ఇనలేదని."

రేడియో ఆపేసింది. ముప్ఫై ఏళ్లుగా ఆ కిటికీ వెనక కూర్చుని పనిలోకి దిగే ప్రతివాడి పేరూ రాసుకున్న మనిషి దావీదు, అందరికీ కాక, అంటే బాబాయి. చేసిన తప్పల్లా ఒక్కటే. ఈ గనిలో తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, రాకుండా ఎవడూ సీటు వదలడు. వచ్చినా నడుస్తున్న మిషన్‌ను ఆపి అప్పగించడు. పంపు ఆపరేటరుకు ఎంత రూలో క్లర్కుకూ అంతే. కాబట్టి దావీదు లాగౌట్ చేయడు. రిలీవరుకు తెరిచిన కంప్యూటరే అప్పజెబుతాడు. ఆ మర్యాదే ఎవడికో అతని పాస్‌వర్డ్ కాజేసే సందు ఇచ్చింది.

మేనేజర్ ఆఫీసు పక్క గదిలో కెరోలిన్ కూర్చుని ఉంది. నల్లకళ్లద్దాలు, బొగ్గు ఊళ్లో కూడా మచ్చ పడని తెల్లచీర. లోకానికి సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్. ముఠాకు తమ మనిషి. చీఫ్ లెక్కలో మాత్రం ముఠాలో నాటిన మన డబుల్ ఏజెంట్.

"ఫ్యాన్లు తిరిగినా ఇక్కడ ఒకటే ఉక్క," అంది జమున గుమ్మంలో.

"కిటికీ తెరిస్తే దుమ్ము," అంది కెరోలిన్. కోడ్ సరిపోయింది. "దా, దావీదు ఇంకా లోపలున్నాడేమో ఈ ల్యాప్‌టాప్‌లో నువ్వే చూసుకో. నీ అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టు."

విభాగం ఇచ్చిన పాస్‌వర్డ్ జమున కొట్టింది. 'వెల్‌కం జమున' అని తెర పలికింది. కింద లిస్టు ఖాళీ. యాక్టివ్ సెషన్లు: సున్నా.

"చూశావా? లాక్ పనిచేసింది. దావీదు సెషన్ లేదు. కాఫీ తాగుదామా?"

జమున తెర వైపే చూస్తూ ఉండిపోయింది. సున్నా. డేటాబేస్‌లోకి ఎవరు వచ్చినా బయటికి పోయేదాకా వాళ్ల పేరున ఓ సెషన్ ఉంటుంది. ల్యాంపు చేతిలో ఉండి, దాని కొక్కెం కూడా నిండే ఉందంటే ఎక్కడో మోసం జరిగినట్టే కదా.

"మరి నేనెక్కడున్న?"

"ఏంటీ?"

"నేను లోపలికొచ్చిన గద. ఒకటన్న ఉండాలె. నేనేడ వోయిన?"

కెరోలిన్ నవ్వింది గానీ ఆ నవ్వు పెదాలు దాటలేదు. అప్పటికే జమున వేళ్లు కీబోర్డు మీద పరిగెడుతున్నాయి. పక్కవాడి సెషన్ గురించి అడిగితే డేటాబేస్ హోదా అడుగుతుంది. నీ సెషన్ గురించి నువ్వు అడిగితే మాత్రం ఎంత చిన్న యూజరుకైనా జవాబు చెప్పి తీరుతుంది. ఒక్క 'సెలెక్ట్' ప్రశ్న చాలు. నేనెవరు? ఏ మెషీన్ నుంచి వచ్చాను? ఎప్పుడు వచ్చాను? నా నంబరెంత?

జవాబు వచ్చింది.

యూజర్: దావీదు. మెషీన్: కెరోలిన్ ల్యాప్‌టాప్. లాగిన్: ఉదయం ఆరూ యాభై రెండు. సెషన్: నూట నలభై ఏడు.

జమున ఒళ్లు మండిపోయింది. ఊరంతా వెతుకుతున్న దొంగ సెషన్‌లోనే తను కూర్చుంది. 'వెల్‌కం జమున' ఉత్త బోర్డు. టైమ్ రెండూ ఇరవై ఒకటి.

"తెలివైనదానివే," అంది కెరోలిన్. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్ అంత పిస్టల్ బయటికొచ్చింది. "ల్యాప్‌టాప్ పగలగొట్టినా లాభం లేదు. సెషన్ బతికేది సర్వర్లో. అన్ని సెషన్లూ తెంపావంటే ఫ్యాన్ నడిపేదీ తెగుతుంది. కూర్చో."

"నంబర్ దొరికింది గదనే," అంటూ జమున టేబుల్ ఎత్తి ఆమె మీదికి తోసేసి పరుగు లంకించుకుంది.

హాజరు కిటికీ ముందు సెకండ్ షిఫ్టు లైను. నలభై మంది ఉంటారు.

"అన్నా, ఫ్యాను ఆపుతరట. కింద మనోళ్లున్నరు. ఎనుకొచ్చేదాన్ని ఆపున్రి," అని అరుస్తూ జమున వెనక తలుపులోంచి దావీదు గదిలోకి దూరింది.

"ఏమైంది బిడ్డా?"

"జర జరుగు కాక. నీ మీదున్న నింద కడుగుత."

పాత కంప్యూటర్లో కొత్త లాగిన్ తెర ముక్కుతూ మూలుగుతూ తెరుచుకునేసరికి రెండూ ఇరవై ఎనిమిది. తన అడ్మిన్ అకౌంట్‌తో లోపలికి వెళ్లి మళ్లీ అదే ప్రశ్న కొట్టింది. నేనెవరు?

"మల్ల నీ పేరే అడుగుతవేంది?" దావీదు గోడ గడియారం వైపు చూశాడు.

"మొదలు నేనెవరో తెల్వాలె కాక. లేకుంటే నన్ను నేనే కోసుకుంట."

యూజర్: జమున. మెషీన్: హాజరు కౌంటర్. సెషన్: నూట అరవై రెండు. బాగుంది. ఈసారి నేను నేనే.

బయట కెరోలిన్ కిటికీ దగ్గరికి దూసుకొచ్చింది. లైనులో ముందున్న సదయ్య అడ్డం నిలబడ్డాడు. గని కప్పుకు ఊతమిచ్చే దిమ్మెలు పాతికేళ్లుగా మోసిన భుజాలు.

"లైన్ల రా మేడం."

"తప్పుకో. కాల్చేస్తా."

సదయ్య పిస్టల్‌ను చూశాడు, ఆమెను చూశాడు. "కింద మా తమ్ముడున్నడు. కాలుస్తే కాల్చు. లైన్ల జాగ మాత్రం ఇయ్య."

వెనక నలభై మందీ ఒక్క అడుగు ముందుకు వేశారు. కెరోలిన్ చెయ్యి ఎత్తింది. పక్కనుంచి ఎవరిదో టిఫిన్ డబ్బా ఆ మణికట్టు మీద పడింది. గుండు రేకుల కప్పులోంచి పోయింది, తెల్లచీర బొగ్గు దుమ్ములో కూలబడింది.

లోపల జమున టైప్ చేస్తోంది. కిల్ సెషన్. నూట నలభై ఏడు. గోడ గడియారంలో మూడు సెకన్లే మిగిలాయి. ఎంటర్.

సెషన్ తెగింది. అందులో కాచుకున్న ఆర్డరు కూడా దాంతోనే వెనక్కి పోయింది. అవతల ఫ్యాను హోరు ఒక్క క్షణం కూడా తగ్గలేదు. దావీదు రెండు చేతులూ మొహానికి కప్పుకుని ఏడ్చేశాడు.

జమున రేడియో ఆన్ చేసింది. "సార్, ఇప్పుడైంది మిషన్. అరెస్టుకు జీపు పంపున్రి. దావీదు కాకకు కాదు."

"రిపోర్టులో నీ ధిక్కారం గురించి రాయాల్సి ఉంటుంది," అన్నాడు చీఫ్.

"పెద్దక్షరాలల్ల రాయిండ్రి."

మూడున్నర దాటాక ఫస్ట్ షిఫ్టు పైకి రావడం మొదలైంది. జమున ల్యాంపు రూంలో నిలబడి ఒక్కో దీపం అందుకుంటూ లెక్కపెట్టింది. రెండు వందల పన్నెండోవాడు సదయ్య తమ్ముడు భూపాల్. ఒళ్లంతా మసి, కళ్లు మాత్రం తెల్లగా మెరుస్తున్నాయి. దీపం కౌంటర్ మీద పెట్టి విసుక్కున్నాడు.

"ఏం గాలి అక్కా ఇయ్యాల, నడుం పట్కపోయింది. ఆ ఫ్యాను జర తగ్గియ్యమని చెప్పరాదు?"

"తగ్గియ్యరు తమ్మీ," అంది జమున. "రేపటికెంచి స్వెట్టరేసుకొని దిగు."