ఆఖరి పేజీలో అమ్మ లేదు

దీవి రేవు జంగ్లీఘాట్‌లో తెల్లారకముందే చేపల బేరాలు మొదలయ్యాయి. గురువమ్మ పెరట్లో నీళ్లపొయ్యి రాజేసి, స్టీలు గ్లాసులో చాయ్ పోసి కూతురి చేతికిచ్చింది.

"మీ అయ్యకియ్యి. పంచదార ఏసినానని సెప్పు."

జోగులు అక్కడే గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. "సరిపోయిందని సెప్పు మీ అమ్మకి," అన్నాడు.

రెండేళ్లుగా ఆ ఇంట్లో మాటలన్నీ బేబీరాణి మీదుగానే నడుస్తున్నాయి. అన్న చిట్టిబాబు గాలివానలో బోటు మీంచి సముద్రంలో పడిపోయిన నాటి నుంచీ అంతే. వెతకడానికి వెళ్లిన జోగులు కొడుకు లేకుండానే తిరిగొచ్చాడు. శవం దొరకనివాళ్లకి దర్భలతో మనిషి బొమ్మ కట్టి దహనం చెయ్యాలని పెద్దలన్నారు. "బతికున్నోడికి నిప్పెడతారా?" అంటూ గురువమ్మ వాళ్లని వీధిలోకి తరిమింది.

ఆ ఇంట్లో డిగ్రీ చదివింది బేబీరాణి ఒక్కతే. ఇంట్లోనే కూర్చుని హైదరాబాదులోని ఒక కామిక్స్ కంపెనీకి బొమ్మలు గీస్తుంది. ఆమె పుట్టించిన వీరుడి పేరు కెరటం. నీళ్ల మీద పరుగెత్తి దీవుల్ని కాపాడతాడు. అతనికి చిట్టిబాబు ముఖమే పెట్టింది, చిన్నప్పుడు లంగరు తగిలి కనుబొమ మీద పడ్డ గాటుతో సహా. గురువమ్మకు చదువు రాదు. అయినా ప్రతి సంచికనూ ట్రంకుపెట్టెలో చీరల కింద దాచుకునేది. "తిరుగుతున్నాడు గదా," అని తనలో తనే అనుకునేది.

నిన్న కొత్త పార్సిలు వచ్చింది. ఊరూరి వీరులంతా ఒకే కథలో కలిసే పెద్ద వరుసలో అది మొదటి సంచిక. ఆరంభం గీసే అవకాశం బేబీరాణికే దక్కింది. పండగలా చెప్పుకోవలసిన సంగతి. కానీ ఆమె ఆ పుస్తకాన్ని తల్లికి చూపించకుండా మంచం కిందకి తోసేసింది.

ఊడుస్తుంటే అది గురువమ్మ చీపురుకి తగిలింది.

"ఒలే! ఇదేటే ఇది?"

గురువమ్మ ఆఖరి పేజీ తెరిచి పట్టుకుని బయటికొచ్చింది. ఒడ్డున ఇసుకలో కెరటం కళ్లు మూసుకుని పడున్నాడు. చుట్టూ రకరకాల వేషాల్లో వీరులు తలలు దించుకుని నిలబడ్డారు. పాదాల దగ్గర ఒక ముసలి జాలరి కూర్చున్నాడు.

"కథమ్మా," అంది బేబీరాణి నీరసంగా.

"నా కొడుకు సచ్చిపోనాడని నీకెవలు సెప్పినారే?"

"వీళ్లవి వేర్వేరు ఊళ్లమ్మా. ఒకరంటే ఒకరికి పడదు. పెద్ద దెబ్బ తగిలితేనే ఒకచోటికొస్తారు. అందుకే మొదటి పుస్తకంలో ఒకళ్లు పోవాలన్నారు కంపెనీవాళ్లు."

"అయితే ఈ ముసుగేసుకున్నదాన్ని సంపీ! మొహమే కనపడదు, అది పోతే ఎవలేడుస్తారు? నా కొడుకే దొరికినాడా ఆళ్లకి?"

బేబీరాణి తల దించుకుంది. "ఎవరు పోవాలో నన్నే ఎంచుకోమన్నారు."

గురువమ్మ ఆ పేజీని కూతురి మొహం ముందుకి తోసింది. "అయితే నువ్వే సంపినావన్నమాట."

"బస్ కర్, గురువమ్మా," అన్నాడు జోగులు. "పిల్ల మీద పడతావేటి?"

"నోర్ముయ్యమని సెప్పు మీ అయ్యకి. కొడుకుని నీళ్లల్లో ఒగ్గేసి ఎనక్కొచ్చినోడికి ఈ ఇంట్లో మాటెందుకు?"

"డీజిలైపోయింది! ఎన్నిసార్లు సెప్పాలి? బోటులో పరాయి తల్లుల బిడ్డలున్నారు. ఆళ్లని గూడా ముంచేసి రమ్మంటావా?"

"నువ్వు మునిగిపోవల్సింది!"

రెండేళ్లలో ఆమె అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. జోగులు చేతిలో వల జారిపోయింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది.

"చాలు!" బేబీరాణి గొంతు చీలిపోయింది. "అన్నయ్య రాడమ్మా. ఇంక రాడు. నెలనెలా వాణ్ణి నీకోసం నీళ్ల మీద పరుగెత్తిస్తున్నాను. నువ్వు ఆ పుస్తకాలు చూసి నవ్వుకుంటావు, అయ్యని చూసి ఉమ్మేస్తావు. నావల్ల కాదింక!"

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. గురువమ్మ పుస్తకం పట్టుకుని విసవిసా పెరట్లోకి నడిచింది. పొయ్యిలో కట్టెలు భగభగా మండుతున్నాయి.

"ఇదుంటే గదా! ఒక్కటి మిగల్నివ్వను!"

చెయ్యి మంట మీదికి వెళ్లింది. పేజీ అంచు నల్లబడింది.

"గురువమ్మా." ఈసారి జోగులు అరవలేదు. "అది మన బాబు మొహం. సూసుకుని నిప్పెట్టు."

ఆమె చెయ్యి బిగుసుకుపోయింది. దర్భలతో కట్టిన మనిషికి కూడా నిప్పు పెట్టనివ్వని తల్లి, గాటుతో సహా కొడుకు ముఖాన్ని ఇప్పుడు తనే మంటకి పట్టింది. గభాలున వెనక్కి లాక్కుంది. అంటుకున్న అంచుని అరచేత్తో నలిపి, ఊది, ఊది, పొయ్యి ముందే కూలబడింది. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుంది.

బేబీరాణి పరుగున వెళ్లి కాలిన అరచేతి మీద నీళ్లు పోసింది. తల్లి చెయ్యి లాక్కోలేదు. రెండో చేత్తో పేజీ మీది మసి తుడిచింది.

"ఈళ్లంతా ఎవలే?"

"వాణ్ణి వెతకడానికి వచ్చినవాళ్లు."

"ఇంతమందీనా?"

"ఇంతమందీ."

"మజ్జిలో తిరిగెల్లిపోలేదా?"

"దొరికేదాకా ఎవ్వరూ వెళ్లలేదమ్మా. ఒడ్డుకి తెచ్చారు."

"తెచ్చినారు," అంది గురువమ్మ. కాగితం మీద కొడుకు తడిజుట్టుని వేలితో సర్దింది. అప్పుడొచ్చింది ఏడుపు. రెండేళ్లు లోపల అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా వచ్చింది. బేబీరాణి ఆమెని పట్టుకుని కూర్చుంది.

కాస్త తేరుకున్నాక గురువమ్మ ముసలి జాలరి మీద వేలు పెట్టింది. "ఈ పాదాలకాడున్నోడు మీ అయ్యా?"

"ఊఁ."

"మరి నేనేదే?"

బేబీరాణి పుస్తకాన్ని తన వైపు తిప్పుకుంది. బొమ్మలో కెరటం తల దగ్గర కొంచెం ఇసుక ఖాళీగా ఉంది.

"గీద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. చెయ్యి సాగలేదు. నువ్వక్కడికి రానంటావు గదా. అందుకే జాగా ఉంచాను."

గురువమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "పెన్ను తే."

బేబీరాణి పెన్ను తెచ్చి ఖాళీ ఇసుకలో గీయడం మొదలుపెట్టింది.

"బుగ్గలంతలేసి ఎందుకు? సిక్కిపోలేదా నేను? ఆడి తల నా ఒళ్లో ఎట్టు."

"తల కదపలేనమ్మా. అచ్చయిపోయింది."

"అయితే నా సెయ్యి ఆడి కనుబొమ మీద ఎయ్యి. గాటు మీద."

గీసింది. "రెండో చెయ్యో?"

గురువమ్మ గుమ్మం వైపు తిరిగింది. గోడనానుకుని జోగులు నిలబడే ఉన్నాడు.

"అంత దూరంగా ఎందుకున్నాడో అడుగు మీ అయ్యని."

"ఈసారి నువ్వే అడుగమ్మా."

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటలాడింది. గురువమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఏటయ్యా... ఇలా రా."

జోగులు వచ్చి ఆమె పక్కన మట్టిలో కూర్చున్నాడు. ఆమె ఒళ్లోని పుస్తకంలో కొడుకుని చూశాడు. పెన్నుతో గీసిన భార్యని చూశాడు.

"సాయ్‌లో పంచదార లేదే," అన్నాడు చివరికి, కళ్లు కారిపోతుంటే. "రెండేళ్లనుంచీ ఒక్కరోజూ ఉండదే."